పుటలో లేని వంతెన కాపరి

ఆ మంగళవారం నార్మండ్ లాఫ్లామ్‌కి రెండు పనులున్నాయి. ఒకటి, పక్కవీధి పెద్దావిడ ఇంటి నేలమాళిగలో చల్లారిపోయిన, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌ని మళ్ళీ వెలిగించడం. రెండు, తను చచ్చాడో బతికాడో తెలుసుకోవడం.

మొదటి పనికి కంపెనీ జీతమిస్తుంది. రెండోదానికి అతనే పొద్దున్నే, పుస్తకాల కొట్టు తలుపు తియ్యకముందే, చలిలో నిలబడి ఇటుకరాయంత పుస్తకం కొనుక్కొచ్చి, ఇప్పుడు దాన్ని ఆవిడ నూనె ట్యాంకు మీద తెరిచి పెట్టుకున్నాడు. లాఫ్లామ్ అంటే వాళ్ళ తాతల ఫ్రెంచిలో మంట. ఇంటిపేరు మంట, ఇంటింటికీ తిరిగి వెలిగించేది మంట, ఇవాళ కడుపులో ఉన్నదీ అదే.

బర్నర్ విప్పాడు. పాత నాజిల్ ఊడదీసి, కొత్తది ముందు వేళ్ళతో తిప్పి, తర్వాత పానాతో బిగించాడు. ఎలక్ట్రోడ్ల మొనలు గుడ్డతో తుడిచాడు. ఒక పని కాగానే ఒక పేజీ. పేజీ తిప్పేది మోచేత్తోనే, ఎందుకంటే వేళ్ళన్నీ మసి. బాయిలర్ కడుపులోంచి మసి తోడుతున్నంతసేపూ మెడ మాత్రం పుస్తకం వైపే ఉంది.

పుస్తకం పేరు 'ఏడు రేవుల రాజ్యం'. ఆరో సంపుటం, ఆఖరిది. ఇన్నేళ్ళుగా ఈ పుస్తకాలు చదివి పిచ్చెక్కినవాళ్ళు దేశమంతా ఉన్నారు. ఆ పిచ్చి ముదిరి గిటారు పట్టినవాళ్ళు పాడే పాటలకు రేవు రాక్ అని పేరు. ఒక్కో బృందానికి పుస్తకంలోంచి ఒక్కో పాత్ర. ఆ పాత్ర తనే అయిపోయి 'నేను, నేను' అని పాడాలి. రాకుమారికి పోటీపడి దక్కించుకున్న బృందం ప్రావిడెన్స్‌లో ఉంది. సముద్రపు దొంగని బోస్టన్ కుర్రాళ్ళు పట్టుకున్నారు. నార్మ్‌కి దక్కింది వంతెన కాపరి టొలక్. మొదటి సంపుటంలో, వెనక సైనికులు తరుముకొస్తుంటే పరుగెత్తుకొచ్చిన రాకుమారికి, పేరైనా అడక్కుండా పైకెత్తి ఉన్న వంతెన దించిన ముసలాడు. ఆ ఒక్క పేజీలో వచ్చాడు, వెళ్ళాడు. ఆ తర్వాత సంపుటాల్లో వంతెన ఊసు లేదు, టొలక్ ఊసూ లేదు. నార్మ్ మాత్రం ఆ ఒక్క పేజీని పిండి పిండి పాటలు తీశాడు. నార్మ్ బేసు గిటారు, మేనమామ కొడుకు రెజ్జీ డ్రమ్ము, ఉన్నంతలో దమ్ము. బృందం పేరు 'వంతెన టొలక్‌లు'. వంతెనకి వంత పాడటమే వాళ్ళ వంతు.

ఆఖరి సంపుటంలో కథ మళ్ళీ వంతెన దగ్గరికే వస్తుందని అందరికీ తెలుసు. టొలక్ చస్తే పాడటానికి ఒక పాట, బతికితే ఒక పాట రాసి పెట్టుకున్నాడు నార్మ్. శనివారం లైబ్రరీలో కచేరీ. రెండిట్లో ఏది పాడాలో రచయిత్రి చెప్పాలి.

చెప్పింది.

*మెరిల్‌కి ముందు ఆ వంతెనకు కాపరి అంటూ ఎవ్వరూ లేరు. నూరేళ్ళుగా అది పైకెత్తినది ఎత్తినట్టే తుప్పుపట్టి నిలబడింది. దాన్ని మొట్టమొదట దించిన చెయ్యి ఈ పిల్లదే.*

నార్మ్ మళ్ళీ చదివాడు. ఈసారి వాక్యం కింద వేలు పెట్టి చదివాడు. వేలు తీసేసరికి 'ఎవ్వరూ లేరు' మీద నల్లటి ముద్ర పడింది.

"ఇంకా వెచ్చబడలేదేం నాయనా?" పైనుంచి పెద్దావిడ కేక.

"లేడండీ!" అని అరిచాడు నార్మ్.

"ఏమిటీ?"

"వస్తోందండీ, వేడి వస్తోంది అంటున్నా!"

మీట నొక్కాడు. బర్నర్ ఒకసారి గురక పెట్టి అందుకుంది. చిన్న కిటికీలోంచి పసుపు మంట నిటారుగా, శుభ్రంగా కనిపించింది. మామూలుగా ఆ మంట చూస్తూ ఓ నిమిషం నిలబడతాడు. ఇవాళ పుస్తకం చంకలో పెట్టుకుని పానా అక్కడే మర్చిపోయి మెట్లెక్కాడు.

రాత్రి భోజనాల దగ్గర భార్య క్లొడెట్ అడిగింది. ఆవిడ ఈ పుస్తకాల్లో అట్ట తప్ప ఇంకేమీ చదవలేదు.

"చంపేసిందా?"

"లేదు."

"మరింకేం, బతికావు. సూపు చల్లారిపోతోంది."

"బతకలేదు కూడా. అసలు లేనే లేనట."

"అదేమిటి?"

"ఆవిడ మర్చిపోయింది. మొదటి పుస్తకంలో తను రాసిన మనిషిని తనే మర్చిపోయి, అక్కడ ఇంకో పిల్లని పెట్టింది."

క్లొడెట్ రొట్టె విరిచింది. "నేనూ మొన్న మా చెల్లెలి పుట్టినరోజు మర్చిపోయా. మర్చిపోయినంత మాత్రాన అది పుట్టకుండా పోయిందా?"

"రేవు రాక్‌లో అలాగే పోతుంది," అన్నాడు నార్మ్. "పుటలో లేనివాడు పుట్టనే లేదని లెక్క."

ఆ మాటకు తనకే నవ్వు రావాలి. రాలేదు.

*

బుధవారం భోజనం వేళ వ్యాన్ లైబ్రరీ ముందు ఆపాడు. పిల్లల విభాగం పాలీన్ మెదేరోస్ చేతిలో ఉంది. రేవుల కచేరీ మొదలెట్టిందీ, ఏటా ఎవరు ఎప్పుడు పాడాలో తేల్చేదీ ఆవిడే. కొత్త పుస్తకాలకి ప్లాస్టిక్ తొడుగులు వేస్తోంది. అట్ట మీద తొడుగు పరిచి, ఎముక బద్దతో గాలిబుడగ లేకుండా సాఫు చేసి, అంచులు లోపలికి మడిచి టేపు వేస్తోంది. నార్మ్‌ని చూసి చెయ్యి ఆపలేదు.

"చదివావన్నమాట."

"చదివానండి. మీరేమంటారు?"

"అనడానికేముంది నార్మండ్! నా దగ్గర మూడు గూళ్ళున్నాయి. బతికినవాళ్ళు, పోయినవాళ్ళు, పార్టీ మారి శత్రువులో కలిసినవాళ్ళు. బతికినవాళ్ళు మామూలుగా పాడతారు. పోయినవాళ్ళు వీడ్కోలు పాట పాడి గిటారుకి నల్ల రిబ్బను కడతారు. పార్టీ మారినవాళ్ళని జనం ప్రేమగా ఛీకొడతారు. నిన్ను ఏ గూట్లో పెట్టను?"

"మొదటి సంపుటంలో అచ్చయి ఉన్నాడు గదండీ! అక్షరాలా ఉన్నాడు!"

"ఉన్నాడు. ఆరో సంపుటంలో, నువ్వన్నట్టు అక్షరాలా, లేడు. రెండు పుస్తకాలు కొట్టుకుంటే ఆఖరి అచ్చే చెల్లుతుంది. ఆ నియమం ఎవరు పెట్టించారో గుర్తుందా?"

నార్మ్ బల్ల మీది టేపు చుట్ట అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఎవరో..."

"ఎవరో కాదు. నువ్వే. ఆ గుర్రాల బృందం కుర్రాళ్ళు నాలుగో సంపుటం వచ్చాక కూడా పాత పాటే పాడుతున్నారని ఈ కుర్చీలోనే కూర్చుని బల్ల గుద్దావు. నా టీ ఒలికింది."

"అప్పుడు వాళ్ళ పొగరు చూసి..."

"టేపు అక్కడ పెట్టు. కొస పోతే నేను దొరకబుచ్చుకోలేను." పాలీన్ గొంతు కొంచెం మెత్తబడింది. "ఒక పని చెయ్యి. పోయినవాళ్ళలో చేరిపో. టొలక్ ముసలాడే గదా, నూరేళ్ళ కిందట పోయాడనుకుందాం. చక్కటి వీడ్కోలు పాట ఉందని రెజ్జీ చెప్పాడు."

"పుట్టనివాడు ఎలా చస్తాడండీ?" నార్మ్ గొంతు పెరిగింది. మూల కూర్చుని బొమ్మల పుస్తకం చదివిస్తున్న ఓ తల్లి తలెత్తి చూసింది. "చచ్చుంటే నేనేం అనను. గిట్టినవాళ్ళ గిటారుకి కనీసం రిబ్బనుంటుంది. శత్రువులో కలిపినా ఓర్చుకునేవాణ్ణి. మర్చిపోవడమేమిటండీ? మనిషిని చంపడానికైనా ఒకసారి తలుచుకోవాలి కదా!"

పాలీన్ ఎముక బద్ద కింద పెట్టింది. "మెరిల్ పాత్రని ఎవరో అప్పుడే అడిగేశారు. మందుల షాపులో పనిచేసే అమ్మాయి, డాలియా బప్తిస్తా. నిన్న మధ్యాహ్నమే ఫోన్ చేసింది. వంతెన ఒకటే, కాపరి ఒక్కరే. చివరి పాట ఆ అమ్మాయికిచ్చాను."

చివరి పాట అంటే ఇన్నేళ్ళుగా నార్మ్‌ది. జనం లేచి నిలబడి, చేతులు వంతెనలా పైకెత్తి, తలుపులు మూసే వేళ దాకా పాడే పాట.

"పాత్ర ఆ పిల్లకీ, గరిటె నాకూనా?" అన్నాడు. "రెండు నిమిషాలివ్వండి నాకు. శనివారం, అందరి ముందూ. మాట్లాడతాను. తేల్చుకుంటాను."

"మాట్లాడు. రెండు నిమిషాలే. పాట మాత్రం వద్దు," అంది పాలీన్.

*

గురువారం సాయంత్రం రెజ్జీ గ్యారేజీలో సాధన. సాధన అనడం మర్యాద కోసం. రెజ్జీ స్కూలు బస్సు తోలుతాడు. రోజంతా పిల్లల గోల విని విని, ఇంటికొచ్చి డ్రమ్ము కొడితే గాని చెవులు నెమ్మదించవంటాడు. ఇవాళ కర్రలు ముట్టలేదు. బకెట్ బోర్లించి కూర్చుని అట్టపెట్టెలోంచి గొట్టంతో కాఫీ కలిపిన పాలు తాగుతున్నాడు.

నార్మ్ మాత్రం కూర్చోలేకపోతున్నాడు. మొదటి సంపుటం చేతిలో ఉంది. ఆ ఒక్క పేజీ తియ్యక్కర్లేదు, పుస్తకం పట్టుకుంటే అదే తెరుచుకుంటుంది.

"విను. వేదిక ఎక్కుతా. ఈ పేజీ చదువుతా. 'గొలుసు జారింది, వంతెన దిగింది, ముసలివాడు పక్కకి తొలగాడు.' ఇది అబద్ధమా అని జనాన్ని అడుగుతా. చేతులెత్తమంటా. ఒక్కడు ఎత్తకపోతే అప్పుడు చూడు."

"ఎత్తుతార్రా నార్మూ," అన్నాడు రెజ్జీ. "అందరూ ఎత్తుతారు. వాళ్ళకి నువ్వంటే ప్రాణం."

"మరి?"

"నువ్వు నిజమైతే ఆ పుస్తకంలో పిల్ల అబద్ధం. మొదట దించింది టొలకే అని తేలితే మెరిల్ పాటలో మొదటి ముక్కే ఎగిరిపోతుంది. పాపం ఆ డాలియా రాసుకుందే దాని మీద."

"ఆ పాటలో ఏముందో నీకెలా తెలుసు?"

రెజ్జీ పాలపెట్టెలో గొట్టం పెట్టి లేని పాలు చప్పరించాడు. చాలాసేపు చప్పరించాడు.

"ఒరే, నీకెలా తెలుసంటున్నా!"

"వాళ్ళ డ్రమ్మరు వేలికి దెబ్బ తగిలింది. తలుపులో పడిందట. ఒక్క పాటకి నన్ను కొట్టమంది డాలియా. కొడతానన్నా."

"కొడతానన్నావా? నా నెత్తి మీదా?"

"పాట లేదన్నారు నీకు. ఖాళీగా కూర్చుని ఏం చెయ్యను, బల్ల కొట్టనా? కోపం తెచ్చుకోకు. చిన్నపిల్ల. భయపడుతోంది. మనకీ భయమేసింది మొదటిసారి, నువ్వు బేసు తలకిందులుగా తగిలించుకున్నావు, మర్చిపోయావా?"

"మర్చిపోవడం మీ అందరికీ బాగా అలవాటైనట్టుంది," అని నార్మ్ బేసు పెట్టెలో పెట్టేశాడు. పెట్టె గొళ్ళెం ఒకసారికి పడలేదు. రెండోసారికీ పడలేదు. అలాగే చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ నుంచి ఫోన్. మిల్లుల వెనక మూడంతస్తుల ఇంట్లో, కింది వాటాలో, బాయిలర్ వింత చప్పుళ్ళు చేస్తోందట. తలుపు తీసింది ఒక పొట్టి అమ్మాయి, మందుల షాపు నీలం చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది.

"లాఫ్లామ్ గారూ, నేను డాలియా."

నార్మ్ గుమ్మంలోనే ఆగాడు. "బాయిలర్?"

"బాగానే ఉంది. నాలుగుసార్లు ఫోన్ చేశా, మీరు ఎత్తలేదు. కంపెనీకి చేస్తే రాక తప్పదు కదా అని..."

"రాక్ పాడేదానివి కాబట్టి రాక ఎలా తెప్పించాలో తెలుసన్నమాట," అన్నాడు నార్మ్. కోపంలో కూడా నోరు ఊరుకోదు. "వచ్చాను గనక చూసే పోతాను. పని చెయ్యకుండా పోతే నా కంపెనీ నన్ను కూడా మర్చిపోతుంది. మాట్లాడాలంటే కిందికి రా."

నేలమాళిగలో ఉప్పు చేప వాసన, ఆరేసిన బట్టలు. నార్మ్ వడపోత గిన్నె విప్పి, జిడ్డు నూనె డబ్బాలోకి వంచాడు. డాలియా మెట్టు మీద కూర్చుంది. మోకాళ్ళ మీద ఆరో సంపుటం. నాలుగు రోజులు కాలేదు, అప్పుడే అంచులు నలిగిపోయాయి. మధ్యమధ్యలో రంగు చీటీలు జెండాల్లా వేలాడుతున్నాయి.

"మీరు రేపు మాట్లాడతారటగా."

"మాట్లాడతా."

"మాట్లాడండి. మీ పాటలు వింటూ పెరిగాను. మా అన్న సీడీ అరిగిపోయేదాకా విన్నా. మీరు లేరంటే నాకూ మంచిగా లేదు." డాలియా ఒక చీటీ పీకి మళ్ళీ అంటించింది. "అందుకు కాదు నేను పిలిచింది. అడుగుదామని. ఇన్నేళ్ళు ఎలా తట్టుకున్నారు?"

"ఏం తట్టుకోవడం?"

"మెరిల్‌ని తీసుకుని పాట నలుగురికీ వినిపించిందగ్గర్నుంచి ఫోన్లు ఆగట్లేదండీ. మెరిల్‌కి అమ్మ ఉన్నట్టు రాశావు, తొమ్మిదో అధ్యాయంలో అనాథ అని ఉంది, తీసెయ్. మెరిల్ నవ్విందని రాశావు, ఆ పిల్ల పుస్తకంలో ఎక్కడా నవ్వదు, తీసెయ్. ఏ చేత్తో గొలుసు లాగుతుంది, ఎన్నో పేజీ? తీసెయ్, తీసెయ్. ఇప్పుడు పాటలో నావంటూ మిగిలినవి 'ఓ', 'ఆహా'. వాటికీ ఎవరో పేజీ అడుగుతారేమో."

నార్మ్ పాత వడపోత గుడ్డని బయటికి లాగాడు. నల్లగా, బరువుగా, బొట్లు కారుతోంది. "నాకా బాధ తక్కువే అమ్మాయ్. నాకున్నది ఒక్క పేజీ. దానికే టొలక్ ఎడమ చెవి దగ్గర మచ్చ ఉందో లేదో అని కొట్టుకు చచ్చారు. కొత్త సంపుటం వస్తోందంటే నెల ముందు నుంచి నిద్ర ఉండేది కాదు. ఏం రాస్తుందో, నా పాటల్లో ఏది పోతుందో అని."

"ఇప్పుడు ఆ ఒక్క పేజీ కూడా లేదు కదా."

"లేదు."

"అదృష్టవంతులు," అంది డాలియా.

నార్మ్ చటుక్కున తిరిగాడు. వెక్కిరింపేమోనని మొహం వెతికాడు. ఆ అమ్మాయి అతన్ని చూడట్లేదు. పెదాలు కదుపుతూ వేళ్ళ మీద ఏదో చెప్పుకుంటోంది. అధ్యాయాల పేర్లు.

కొత్త వడపోత పెట్టి, మూత బిగించి, పైపులో గాలి పోయేదాకా నూనె వదిలాడు. బుడగలు తగ్గి ధార సాఫీ అయ్యింది. ఆ పిల్ల అన్న మాట మాత్రం బుడగలా లోపలే ఆగిపోయింది. వ్యాన్ ఎక్కాడు, దిగాడు, అద్దం తుడిచాడు, మళ్ళీ ఎక్కాడు. నది వంతెన మీద పచ్చ దీపం వెలిగినా కదలకపోతే వెనకవాడు హారన్ వాయించాడు.

*

శనివారం పిల్లల విభాగంలో చక్రాల అరలన్నీ గోడకి తోసేశారు. పెద్దవాళ్ళందరూ పిల్లల కుర్చీల్లో ఇరుక్కుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. ద్వారం దగ్గర క్లొడెట్ బల్ల వేసుకుని, కారం కీమా కూరిన పొడుగు రొట్టెలు అమ్ముతోంది. ఆ ఊళ్ళో వాటిని డైనమైట్లంటారు. తిన్నవాళ్ళు ఎందుకంటారో చెప్పక్కర్లేకుండానే తెలుసుకుంటారు.

పోయినవాళ్ళు పాడారు. నల్ల రిబ్బన్లు కట్టారు. లైబ్రరీలో నిప్పు నిషేధం గనక బ్యాటరీ కొవ్వొత్తులు పట్టుకుని జనం ఏడ్చారు. బోస్టన్ సముద్రపు దొంగ శత్రువులో కలిసిపోయాడు, అతన్ని ఆప్యాయంగా ఛీకొట్టారు, అతను ఆనందంగా వంగి దండం పెట్టాడు. నార్మ్ గోడవారన నిలబడి చూస్తున్నాడు. ఒక చేతిలో మొదటి సంపుటం, భుజానికి బేసు. పాట వద్దన్నారు. అయినా బేసు లేకుండా ఆ గదిలోకి ఎలా రావాలో అతనికి తెలియదు.

"నార్మండ్, రెండు నిమిషాలు," అంది పాలీన్.

ఎక్కాడు. గది ఒక్కసారి చప్పట్లతో పగిలింది. కొందరు అప్పుడే లేచి చేతులు పైకెత్తారు. ఇంకా అడగనే లేదు, తీర్పు వచ్చేసింది. రెజ్జీ చెప్పిందే నిజం. ఒక్క పేజీ చదివితే చాలు.

పుస్తకం తెరిచాడు. అదే పేజీ తెరుచుకుంది. చదవబోతూ తలెత్తేసరికి పక్కగా డాలియా కనిపించింది. మెడలో గిటారు ఉంది, చేతులు దాని మీద లేవు. చీటీల పుస్తకం ఛాతీకి అదుముకుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతోంది. పాట గుర్తు చేసుకోవట్లేదు. పేజీలు గుర్తు చేసుకుంటోంది.

నార్మ్‌కి ఆ పెదాలు తెలుసు. ఇన్నేళ్ళుగా ప్రతి కచేరీకి ముందు తనవే అవి.

"టొలక్..." అన్నాడు. దగ్గాడు. "టొలక్ గురించి తేల్చుకుందామని వచ్చాను. తేలిపోయింది. వంతెన మెరిల్‌దే. పుస్తకంలో టొలక్ లేడు."

ఎత్తిన చేతులు గాలిలో ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయాయి. "అన్యాయం!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"అన్యాయమే," అన్నాడు నార్మ్. పుస్తకం మూసి స్పీకరు మీద పెట్టాడు. తర్వాత ఏం చెయ్యాలో అతనికీ తెలియదు. దిగిపోవాలి. కాళ్ళు దిగలేదు. బొటనవేలు బేసు తీగ మీద పడింది. ఊరికే, అలవాటుగా. రాసి పెట్టుకున్న రెండు పాటలూ జేబులోనే ఉన్నాయి. రెండూ వంతెన మీద పాటలే. అవి కాకుండా, ముందు రాగం వచ్చింది, దాని వెనక మాటలు పడుతూ లేస్తూ వచ్చాయి.

*"ఈ పూట గొలుసు పట్టను, ఇరుసుకి నూనె పెట్టను,*
*నా పేరెవడూ రాయలేదు, నన్నెవడూ కొట్టెయ్యలేడు.*
*ఇన్నాళ్ళూ దాటించానే గాని ఏనాడూ దాటలేదు,*
*అవతలేముందో, అమ్మతోడు, నాకిప్పటికీ తెలియదు..."*

పాలీన్ చూపుడువేలు ఎత్తి లేచింది. పాట వద్దని చెప్పింది ఆవిడే. పైగా ఇది పుస్తకంలో లేదు. 'పుస్తకానికి విరుద్ధం' అనబోయింది, నోరు తెరిచింది కూడా. పుస్తకంలో లేని మనిషి, పుస్తకంలో లేని ఊరికి, పుస్తకంలో లేని దారిన పోతున్నాడు. దేనికి విరుద్ధం? ముందు వరసలో ఒకాయన ఆరో సంపుటం గబగబా తిప్పుతున్నాడు. వెతికి వెతికి, ఏం వెతకాలో తెలియక, ఒళ్ళో పెట్టేసుకున్నాడు. పాలీన్ వేలు దించి కూర్చుంది.

నార్మ్ తప్పులు పాడుతున్నాడు. ఒకచోట మాట దొరక్క రెండు చుట్లు ఉత్త బేసే వాయించాడు. మూడో చుట్టులో వెనకనుంచి మెల్లగా డ్రమ్ము కలిసింది. రెజ్జీ ఎప్పుడొచ్చి కూర్చున్నాడో చూడలేదు. తాళం సందులోంచి మళ్ళీ మాట దొరికింది.

*"నది దాటి, మిట్ట దాటి, ఎండలో నడిచి వెళ్తాను,*
*అక్కడ నా ఇల్లుంది, పొగగొట్టంలో పొగుంది,*
*పెద్దమంట మీద నా పెళ్ళాం ఉల్లిపాయలు వేయిస్తోంది,*
*ఇంతసేపూ ఎక్కడ చచ్చావని తిట్టుకుంటూ చూస్తోంది..."*

అక్కడితో ఆగిపోయింది. తర్వాతది రాలేదు. నార్మ్ తీగ మీద చెయ్యి పెట్టి మోత ఆపాడు. జనానికి తెలిసిన మూడు గూళ్ళలో ఈ పాట ఏ గూటిదీ కాదు. ఏడవాలో, నవ్వాలో, ఛీకొట్టాలో తెలియక ముందు ఒకరు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు చప్పట్లు.

దిగుతూ డాలియా పక్కన ఆగాడు.

"ఎలా తట్టుకున్నావని అడిగావు. సరిగ్గా తట్టుకోలేదమ్మాయ్. భయపడుతూనే పాడాను," అన్నాడు. "ఆ చీటీలు ఇలా ఇయ్యి. పాడేటప్పుడు బరువు."

డాలియా చూసింది. పుస్తకం ఇవ్వడానికి రెండు క్షణాలు పట్టింది. ఇచ్చింది. ఎక్కింది. మెరిల్ పాట పాడింది. చివరి చరణంలో మెరిల్ నవ్వింది, పుస్తకంలో ఎక్కడా లేకపోయినా. పాట అయ్యాక ఆమె చుట్టూ జనం మూగారు. సగం మంది మెచ్చుకోడానికి, సగం మంది నవ్వు ఏ పేజీలో ఉందని అడగడానికి.

నార్మ్ చుట్టూ ఎవరూ మూగలేదు. కొందరు దూరం నుంచి చెయ్యెత్తారు. ఒకాయన దగ్గరదాకా వచ్చి, అలవాటుగా నోరు తెరిచి, దిద్దడానికి ఏమీ దొరక్క "బాగుంది" అని వెళ్ళిపోయాడు. నార్మ్‌కి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదకి మారుతూ ద్వారం దగ్గరి బల్ల దాకా వెళ్ళాడు.

క్లొడెట్ ఖాళీ గిన్నెలో గరిటె గీకుతోంది.

"ఇంతకీ ఎవరావిడ?"

"ఎవరు?"

"ఉల్లిపాయలావిడ."

"టొలక్ భార్య."

"పేరు?"

"ఏమో. ఇంకా తెలీదు."

"పుస్తకంలో లేదా?"

"ఏ పుస్తకంలోనూ లేదు."

"హమ్మయ్య," అంది క్లొడెట్. గరిటె విదిల్చి, చేతులు తుడుచుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ విషయంలో ఆమె గొంతులో అధికారం వినిపించింది. "అయితే విను. పెద్దమంట మీద ఉల్లిపాయలు ఎవరైనా వేయిస్తారా? అంచులు మాడి, మధ్య పచ్చిగా ఉంటాయి. సన్నమంట మీద, మూత పెట్టి, బంగారు రంగొచ్చేదాకా. మార్చు."

"ఏ పేజీలో ఉంది?" అన్నాడు నార్మ్.

"నా పొయ్యి మీద ఉంది."

నార్మ్ గొంతులోనే 'సన్నమంట మీద నా పెళ్ళాం' అని అనుకుని చూశాడు. తాళానికి కుదర్లేదు. బల్ల చెక్క మీద వేళ్ళతో కొడుతూ, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.